పెద్దమ్మ వడికిన ఊలు రెండు చిలపలు: పుట్టబోయే బిడ్డకు ఏం అల్లాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ పెద్దనాన్న సైన్యంలో పనిచేస్తూ హిమాచల్‌లో ఉన్న రోజుల్లో మీ పెద్దమ్మ అక్కడి ఆడవాళ్ల దగ్గర నేర్చుకుని కదురు మీద వడికిన ఊలు రెండు చిలపలు, అంటే దారపు చుట్టలు, మీ చేతికొచ్చాయి. రెండూ కలిపి 190 గ్రాములు, రంగు వేయని తెలుపు, పట్టుకుంటే మెత్తగా ఉంది, ఏ గొర్రెదో తెలియదు. ఇప్పుడామెకి చేతులు వణుకుతున్నాయి కాబట్టి అలాంటిది ఇంక రాదు. కడపలో మీ అక్కకి డిసెంబరు చివర్లో కాన్పు. దుప్పటి అల్లాలా, స్వెట్టరా, టోపీ-మేజోళ్ల సెట్టా అని అడిగారు, అల్లి పాడుచేస్తానేమో అని చిలప విప్పడానికే భయంగా ఉందన్నారు.

సూటిగా చెప్తాను. చేతుల్లేని, ముందు తెరుచుకునే స్వెట్టర్ అల్లండి. కొలత మాత్రం ఏడాది బిడ్డకి సరిపోయేలా పెట్టుకోండి. దుప్పటి వద్దు. మేజోళ్లు అసలే వద్దు. టోపీ సంగతి ఆగి చెప్తాను, దాంట్లో చిన్న మెలిక ఉంది.

మాది అనంతపురం. ముప్పై ఏళ్లుగా అల్లుతున్నాను, వడకడం పట్టుకుని పన్నెండేళ్లు అయింది. ఇన్నేళ్లలో చంటిపిల్లల కోసం అల్లినవాటిలో నిజంగా పిల్లల ఒంటి మీద అరిగిపోయినవి ఏవి, బీరువాలో అరల్లో పడున్నవి ఏవి అని ఒకసారి కూర్చుని లెక్కేసుకున్నాను. తేడా అల్లికలో లేదు, డిజైన్‌లో లేదు. క్యాలెండర్‌లో ఉంది. మనం ఉండేది రాయలసీమలో అన్న సంగతి సూదులు పట్టుకోగానే మర్చిపోతాం. ఆ డిజైన్లన్నీ చలిదేశాల వాళ్లు వాళ్ల కోసం రాసుకున్నవి. కడపలో ఊలు బట్ట అవసరమయ్యేది నవంబరు ఆఖరు నుంచి జనవరి ఆఖరు దాకా, మహా అయితే శివరాత్రి వరకు, అదీ రాత్రిపూట, తెల్లవారుజామున. మీ అక్క బిడ్డ డిసెంబరు చివర్లో పుడితే ఆ చలిలో మిగిలేది ఆరేడు వారాలే. ఆ ఆరేడు వారాలూ బిడ్డ పాత చీర గుడ్డల్లో, వాళ్లమ్మ పక్కన వెచ్చగా పడుకుని ఉంటుంది. మూడు నెలల సైజు అల్లారనుకోండి, అది సరిపోయే సమయానికి మార్చి ఎండలొస్తాయి. ఆరు నెలల సైజు అల్లితే జూన్. జూన్‌లో కడపలో ఊలు స్వెట్టర్ తొడిగితే మీ అక్క అత్తగారు మిమ్మల్నే తిడుతుంది, ఆమె తప్పేం లేదు.

పైగా మన వైపు పుట్టకముందే కొత్త బట్టలు కొనడం, కుట్టడం పెద్దవాళ్లు ఒప్పుకోరు. పుట్టాక కూడా పురుడు వెళ్లేదాకా, కొన్ని ఇళ్లలో ఇరవై ఒకటో రోజు బారసాల దాకా, ఎవరో తొడిగి విడిచిన పాత మెత్తటి చొక్కాలే వేస్తారు. ఈ పద్ధతిని నేను మూఢనమ్మకం అని కొట్టిపారేయను, కొత్త బట్టలో గంజి ఉంటుంది, పాతది ఇరవైసార్లు ఉతికి మెత్తబడి ఉంటుంది. కాబట్టి మీరు కాన్పుకి ముందే పరుగులు పెట్టి అల్లినా అది తొడిగేసరికి ఎలాగూ ఆలస్యమవుతుంది. ఆ టెన్షన్ పెట్టుకోకండి. మీకు వచ్చే నవంబరు వరకు టైముంది, అప్పటికి బిడ్డకి పదకొండు నెలలు నిండుతాయి, గోడ పట్టుకుని నిలబడుతూ ఉంటుంది, చలిలో వరండాలోకి వెళ్తానని మారాం చేస్తుంది. స్వెట్టర్ అవసరం అప్పుడు.

ఇంకో లెక్క చూడండి. ఏడాది బిడ్డ ఛాతీ చుట్టుకొలత సుమారు 46 సెంటీమీటర్లు. మూడేళ్లు వచ్చేసరికి ఇంకో నాలుగైదు సెంటీమీటర్లే పెరుగుతుంది. ఎత్తు మాత్రం ఆ రెండేళ్లలో దాదాపు 20 సెంటీమీటర్లు పెరుగుతుంది. అంటే వెడల్పు కాస్త వదులుగా అల్లి, పొడవు తర్వాత పెంచుకునే వీలు ఉంచుకుంటే అదే స్వెట్టర్ మూడు చలికాలాలు వస్తుంది. చేతులు పెడితే ఈ లెక్క చెడిపోతుంది, ముందు బిగుసుకునేది, పొట్టయ్యేది చేతులే. అందుకే చేతుల్లేనిది అన్నాను. తలది పూర్తిగా వేరే కథ: పుట్టినప్పుడు 34, 35 సెంటీమీటర్లుండే తల ఏడాదిలో 45, 46కి వస్తుంది, తర్వాత బాగా నెమ్మదిస్తుంది. మొదటి ఏడాదిలో అల్లిన టోపీ ఏదైనా రెండు మూడు నెలల ముచ్చటే.

దుప్పటి ఎందుకు వద్దన్నానో కూడా చెప్పాలి, ఎందుకంటే చేత్తో వడికిన ఊలు దొరికితే అందరి మనసూ ముందు దాని మీదికే పోతుంది, నాదీ పోయింది. మొదటి సంగతి, 190 గ్రాములు చాలవు. మామూలు మందం ఊలుతో 75 సెంటీమీటర్ల చదరం అల్లాలంటే 300 గ్రాముల పైన కావాలి. కొన్న ఊలు కలిపి అల్లొచ్చు, కానీ రెండూ ఒకేలా ముడుచుకోవు, ఉతికాక అంచులు వంకరపోతాయి. రెండోది, ఏడాది లోపు పిల్లలు నిద్రపోయేటప్పుడు వదులుగా ఉండే దుప్పట్లు కప్పొద్దని, ముఖం మీదికి జారితే ఊపిరాడదని డాక్టర్లు చెప్తారు. మూడోది నా సొంత అనుభవం. మా ఆడబిడ్డ కూతురికి బిడ్డ పుడితే నాలుగు నెలలు కూర్చుని జాలీ డిజైన్‌లో దుప్పటి అల్లి ఇచ్చాను. ఏడాది తర్వాత వాళ్లింటికి వెళ్లినప్పుడు కనపడక అడిగితే, "ఎంత బాగుందో అత్తా, పాడైపోతాదని తీయలేదు, బీరువాలో బట్ట చుట్టి పెట్టినా" అంది. చూపించింది కూడా. మడతల మీద పసుపుపచ్చగా మారిపోయి, నఫ్తలిన్ గోళీల వాసనతో. ఒక్కసారి కూడా బిడ్డ మీద పడలేదు. ఆ జాలీ రంధ్రాల్లో పిల్లల వేళ్లు ఇరుక్కుంటాయని కూడా నాకు తర్వాతే తెలిసింది.

నఫ్తలిన్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. ఆ చిలపలు ఇన్నేళ్లు నఫ్తలిన్ గోళీలతో పెట్టి ఉంటే అల్లే ముందు దాని సంగతి చూడాలి. కొంతమంది పిల్లలకి పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది, అలాంటి పసిబిడ్డలకి నఫ్తలిన్‌లో దాచిన బట్టలు తొడిగితే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. ఏ బిడ్డకి ఉందో ముందే తెలియదు. వాసన ఏమాత్రం ఉన్నా ఉతికి, రోజుల తరబడి గాలికి ఆరేయండి. వాసన పోకపోతే దాన్ని పసిబిడ్డకి వాడొద్దు, మీకే మఫ్లర్ అల్లుకోండి. నేను ఎండు వేపాకు మూటకట్టి పెడతాను, పురుగు అనుమానం ఉంటే ప్లాస్టిక్ కవర్‌లో గాలి చొరకుండా కట్టి వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచుతాను.

ఇక ఊలు విషయానికొద్దాం. మెత్తగా ఉంది అన్నారు కానీ చేతికి మెత్తగా ఉన్నదంతా మెడకి మెత్తగా ఉండదు. అరచేతి చర్మం మందం. నాకు ఇది తెలిసొచ్చింది ఎలాగంటే, వడకడం కొత్తగా నేర్చుకున్న రోజుల్లో కళ్యాణదుర్గం వైపు గొర్రెల కాపరుల దగ్గర దక్కనీ గొర్రె నల్ల ఉన్ని తెచ్చాను. ఆ నలుపు ఎంత బాగుంటుందో చెప్పలేను, ఎండలో పట్టుకుంటే లోపల్నుంచి ఎరుపు కనిపిస్తుంది. మన కురుబలు కంబళ్లు నేసేది దాంతోనే, చింతగింజల గంజి పట్టించి నేస్తారు, వానలో కప్పుకున్నా నీళ్లు లోపలికి దిగవు. అంత మంచి ఉన్ని కదా అని మా మేనల్లుడికి టోపీ అల్లాను. గంటసేపు పెట్టారో లేదో నుదురంతా ఎర్రగా దద్దుర్లు. వాడికి ఇప్పుడు పదకొండేళ్లు, ఇప్పటికీ టోపీ చూపిస్తే పారిపోతాడు. ఊలు పోగు మందాన్ని మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో, కొలుస్తారు. 30 మైక్రాన్లు దాటిన పోగులు నూటికి ఐదారు ఉన్నా చాలు, కొసలు చర్మానికి గుచ్చుకుంటాయి. మెరినో 17 నుంచి 23 మధ్యలో ఉంటుంది కాబట్టి గుచ్చుకోదు. మన దక్కనీ ఉన్ని అంతకంటే చాలా మోటు, దానిది కంబళి పని, టోపీ పని కాదు.

మీ దగ్గర మైక్రాన్లు కొలిచే యంత్రం ఉండదు, నా దగ్గరా లేదు. చిలపలోంచి మూర పొడుగు దారం తీసి ఉండలా చుట్టి, జాకెట్ మెడ లోపలికి పెట్టుకుని ఒక పూట వంట చేయండి. చెమట పట్టాలి, అప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఉండ ఉన్న సంగతే మర్చిపోతే బిడ్డకి పనికొస్తుంది. మధ్యలో చేయి దానిమీదికి వెళ్తే స్వెట్టర్‌ని లోపల కాటన్ చొక్కా తొడిగి పైన వేసేలా అల్లుకోవాలి. చేతుల్లేని స్వెట్టర్‌కి ఎలాగూ లోపల చొక్కా ఉంటుంది, అది దాని ఇంకో లాభం. పది నిమిషాలకే పీకి పారేశారంటే బిడ్డకి వద్దు.

అల్లడానికి ముందు చిలపల్ని ఉతకాలి, ఇది తప్పదు. కదురు మీద వడికిన దారంలో పురి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుంది, ఉతికితే సర్దుకుంటుంది. గోరువెచ్చటి నీళ్లలో కుంకుడుకాయ రసం కలిపి ఇరవై నిమిషాలు నానబెట్టండి, పిసకొద్దు. బట్టల సబ్బు క్షారం, ఊలుకి పడదు. పట్టుచీరలకి మన పెద్దవాళ్లు కుంకుడుకాయ వాడింది ఊరికే కాదు, ఊలు కూడా పట్టులాగే జంతువు నుంచి వచ్చేదే కదా. తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో వేలాడదీయండి, కింద బరువు కట్టొద్దు. ఆరాక చిలపని చేత్తో వదులుగా పట్టుకుని చూడండి. దానంతటదే రెండు మూడు చుట్లు మెలిపడితే పురి ఎక్కువైనట్టు, అలాంటి దారంతో ఒకవైపు నిట్ (సూటి కుట్టు), ఇంకోవైపు పర్ల్ (తిరగేసిన కుట్టు) వేసి అల్లితే గుడ్డ ఏటవాలుగా సాగిపోతుంది. ఒంటి పేట దారమైతే మరీ. గార్టర్ స్టిచ్‌లో, అంటే రెండు వైపులా నిట్టే వేసుకుంటూ పోతే, ఒక వరస వాలు ఇంకో వరస సరిచేస్తుంది. సాగుతుంది, అంచులు ముడుచుకోవు, దారంలో ఎగుడుదిగుళ్లు అందంగా కలిసిపోతాయి. మీకు గార్టర్ స్టిచ్చే చెప్తాను.

పొడవు కూడా ఇప్పుడే కొలుచుకోండి. రెండు కుర్చీలు వీపులు కలిపి నిలబెట్టి చిలపని వాటి చుట్టూ చుట్టండి, ఒక చుట్టు ఎంతో టేపుతో కొలిచి చుట్లతో హెచ్చవేయండి. ఉదాహరణకి 95 గ్రాముల చిలపలో 140 చుట్లు వచ్చి, చుట్టు ఒకటిన్నర మీటరు ఉంటే 210 మీటర్లు. తర్వాత మందం: స్కేలు మీద ఒక అంగుళంలో పక్కపక్కనే దారం చుట్టి చూడండి, లాగకుండా. పదకొండు పన్నెండు చుట్లు పడితే 8 నంబరు సూదులు, అంటే 4 మి.మీ. వి తీసుకోండి. పద్నాలుగు దాకా పడితే 10 నంబరు.

ఇప్పుడు టోపీ మెలిక. శాంపుల్ ముక్క అల్లి ఉతికి చూడకుండా చేత్తో వడికిన దారంతో ఏదీ మొదలుపెట్టకూడదు, కానీ ఇంత విలువైన దారాన్ని చదరపు ముక్కకి వాడాలంటే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకని టోపీనే శాంపుల్‌గా అల్లండి. 64 కుట్లు ఎక్కించి రెండు నిట్, రెండు పర్ల్ చొప్పున పోతే సాగుతూ ఉంటుంది, పుట్టిన బిడ్డ తలకి సరిపోతుంది, పాతిక గ్రాముల్లో అయిపోతుంది. మొదట్లో ఒక ఎనిమిది వరసలు గార్టర్ వేస్తే స్వెట్టర్‌కి కావలసిన కొలత కూడా అక్కడే దొరుకుతుంది. మొదటి ఏడాది టోపీ రెండు మూడు నెలల ముచ్చటే అన్నాను కదా, అయినా ఎందుకు చెప్తున్నానంటే మీ పెద్దమ్మ కోసం. ఆమె వయసు మీరు రాయలేదు. చేతులు వణికే మనిషిని వచ్చే నవంబరు దాకా ఆగమని నేను చెప్పలేను. బారసాల రోజు ఆమె ఒళ్లో బిడ్డ, బిడ్డ తలమీద ఆ టోపీ, ఐదు నిమిషాలు చాలు. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం తీసేయాలి, ఇంట్లో టోపీతో పడుకోబెడితే పసిబిడ్డలకి ఒళ్లు వేడెక్కుతుంది. పైన కుచ్చు పెట్టొద్దు, గడ్డం కింద తాళ్లు పెట్టొద్దు.

ఆ టోపీని మీ అక్క ఇంట్లో బట్టలు ఎలా ఉతుకుతారో అచ్చం అలాగే ఉతికి చూడండి. మీరు ఎంత జాగ్రత్తలు చెప్పినా అక్కడ జరిగేది అదే. నేను ఒకసారి మా వదిన కొడుక్కి మెరినోతో అల్లిన స్వెట్టర్ వాళ్ల పనమ్మాయి వేడినీళ్లతో మెషిన్‌లో వేసింది. ఊలు పోగు మీద పొలుసులుంటాయి, వేడి, సబ్బు, కుదుపు మూడూ కలిస్తే అవి ఒకదాన్నొకటి పట్టేసుకుని ఇంక వదలవు. బయటికొచ్చినప్పుడు అది అట్టముక్కలా గట్టిపడి బొమ్మకి సరిపోయేలా ఉంది. వదిన ఏడ్చింది, నేను నవ్వాను, ఇంటికొచ్చాక నేనూ ఏడ్చాను. టోపీకి ఆ గతి పట్టినా పోయేది పాతిక గ్రాములు.

స్వెట్టర్‌ని మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లండి. నాలుగు చోట్ల కుట్లు పెంచుకుంటూ చంక దాకా వచ్చాక చేతుల కుట్లు మూసేసి, ముందు భాగాలు, వీపు కలిపి ఒకటే ముక్కగా కిందికి దిగాలి. అతుకులుండవు. ఛాతీ 46కి ఆరు సెంటీమీటర్లు వదులు కలిపి 52 పెట్టుకోండి, పది సెంటీమీటర్లకి 20 కుట్లు వస్తే 104 కుట్లు. రెండు చిలపల్నీ రెండేసి వరసలకి మార్చుకుంటూ అల్లండి, లేకపోతే పైసగం ఒక తెలుపు, కిందిసగం ఇంకో తెలుపు అవుతుంది. చంక దాటాక ప్రతి పది వరసలకీ వంటింటి త్రాసు మీద మిగిలిన ఊలు తూచండి. నాకు ఈ సైజులో పది వరసలకి ఏడెనిమిది గ్రాములు పోతుంది, మొత్తం 110 గ్రాముల దగ్గర ముగుస్తుంది. టోపీ పోను మీకు ఇంకో యాభై గ్రాములు మిగలాలి. దాన్ని ఇంకేదో అల్లేయాలని తొందరపడొద్దు. మరుసటి కార్తీకంలో కింది అంచు విప్పి అక్కడి నుంచే ఐదు సెంటీమీటర్లు పొడవు పెంచడానికి, ఎక్కడైనా చిరుగు పడితే మాటు వేయడానికి అది కావాలి. నేను ఇలా అల్లింది ఒకటి మా ఇంట్లో ముగ్గురు పిల్లలు తొడిగారు, రెండుసార్లు పొడవు పెంచాను, కింది పట్టీలు మూడూ మూడు రకాల తెలుపులో కనిపిస్తాయి. నాకు అదే ఇష్టం.

గుండీలు రెండే, ఛాతీ దగ్గర, బల్లపరుపుగా ఉన్నవి, లోపలివైపు చిన్న గుడ్డముక్క పెట్టి గట్టిగా కుట్టండి. పళ్లొచ్చే పిల్లలు ముందు నోట్లో పెట్టుకునేది గుండీనే. దారపు కొసలు లోపల వదలొద్దు. మేజోళ్లు వద్దన్నది ముఖ్యంగా ఇందుకే, లోపల వదులు దారం పసిబిడ్డ వేలికి చుట్టుకుంటే వేలు నల్లబడేదాకా ఎవరూ గమనించరు. పైగా అవి కాళ్లకి నిలవవు, అల్లిన రోజే ఒకటి పోతుంది.

తెలుపు కదా, మాసిపోతుందని అంటారు. నూనె, సాంబ్రాణి, కాటుక, పసుపు మధ్య పెరిగే బిడ్డ, మాసిపోతుంది. రంగు వేయాలనుకుంటే అల్లక ముందే చిలపలకి వేసుకోండి, కానీ నేనైతే వేయను.

ఒకవేళ దారం చివర కాల్చి చూస్తే వెంట్రుకలు కాలిన వాసన కాకుండా కాగితం కాలిన వాసన వస్తే అది ఊలు కాదు, నూలు. అప్పుడు పైన చెప్పిన క్యాలెండర్ మొత్తం తలకిందులవుతుంది. మా జేజి ఆదోని పత్తితో ఏకులు చేసి వడికిన నూలు నా దగ్గర కొంచెం ఉండేది, దాన్ని చాకలి సోడాతో ఉడకబెడితే గోధుమరంగు నీళ్లు దిగాయి, పత్తిలోని మైనం పోయాక గానీ నీళ్లు పీల్చదు. దాంతో బిడ్డ ముఖం తుడిచే గుడ్డలు ఆరు అల్లాను. మన ఎండలకి అంతకంటే పనికొచ్చేది లేదు.

ముందు మెడ పరీక్ష చేసి, చిలపలు ఉతికి, చుట్లు లెక్కపెట్టండి. టోపీ ఉతికాక పది సెంటీమీటర్లకి ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు వచ్చాయో రాస్తే మెడ దగ్గర ఎన్ని ఎక్కించాలో, ఎక్కడెక్కడ పెంచాలో నేను లెక్కేసి ఇక్కడే పెడతాను.